చింతబొగ్గు గీత

సూరత్ రింగురోడ్డు. ఆషాఢమాసం, మధ్యాహ్నం రెండు దాటింది. వాన ఇప్పుడే వెలిసింది. ఫ్లైఓవర్ కింద నిలిచిన నీళ్లను చిమ్ముకుంటూ టెంపోలు పోతున్నాయి. గోనెపట్టాలో చుట్టి కుట్టేసిన బేళ్లను వీపున వేసుకుని హమాలీలు అరుస్తూ వస్తుంటే మీరు గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి. బేళ్ల మీద నల్లసిరాతో రాసిన ఊళ్ల పేర్లు చదవండి: విజయవాడ, సికింద్రాబాద్, గుంటూరు, ఆదోని. శ్రావణం ముంచుకొస్తోంది. మన పెళ్లిళ్లలో చేతులు మారే పెట్టుబడి చీరలు చాలా మటుకు ఈ సందుల్లోంచే బయల్దేరతాయి.

పక్కనే ఉన్న మార్కెట్ భవనం మెట్లెక్కి మూడో అంతస్తుకు రండి. అద్దాల తలుపు వెనక చిన్న గది, రెండు కంప్యూటర్లు, గుర్రుమంటున్న ఏసీ. తెర ముందు కూర్చున్న కుర్రాడికి ఇరవై రెండో మూడో ఉంటాయి. తాత సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చి లింబాయత్‌లో ఉండిపోయాడు. తండ్రి పవర్‌లూమ్ నడిపాడు. ఇతను మగ్గం వదిలి మౌస్ పట్టాడు. లింబాయత్, ఉధనా వైపు ఇలాంటి పద్మశాలి కుటుంబాలు వీధులకు వీధులే ఉన్నాయి. బతుకమ్మ ఆ వీధుల్లోనే ఆడతారు. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. ఈ కుర్రాడు అక్షరాలు దిద్దుకున్నది అలాంటి బడిలోనే.

తెర మీద అశోకవనం ఉంది. ఎవరో వ్యాపారి శ్రీకాళహస్తిలో కొన్న కలంకారీ గుడ్డను తెచ్చి స్కాన్ చేయించాడు. చెట్టు కింద సీతమ్మ, ఎదురుగా పది తలలతో రావణుడు, పైన తెలుగులో రాసిన ఒక వరుస. చీర కొంగుకు సీతమ్మ చాలునని సేఠ్ చెప్పాడట. కుర్రాడు రావణుణ్ణి చుట్టూ గీసి కత్తిరించేశాడు. ఇప్పుడు సీతమ్మ ముఖాన్ని తెర నిండా పెంచాడు.

"గీ ముక్కు సూడున్రి అన్నా. గీత గీడ తెగింది. కలుపుతున్న."

దగ్గరికి వంగి చూడండి. నుదుటి దగ్గర వెంట్రుకంత సన్నగా మొదలైన గీత ముక్కు వంపు తిరిగేచోట కాస్త లావెక్కింది. ముక్కుపుడక దాటాక మళ్లీ సన్నబడి, పెదవి మీదికి రాకముందే చుక్కగా ఆగింది. గీసినవారు అక్కడ ఊపిరి బిగబట్టి కలం ఎత్తారు. ఆ చుక్కను చూస్తే చెయ్యి లేచిన వైపు కూడా తెలుస్తుంది. కుర్రాడి మౌస్ కదిలింది. చుక్క పోయింది, లావు సన్నం పోయాయి. గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం.

తర్వాత సీతమ్మను అద్దంలో చూపినట్టు తిప్పి రెండోవైపు అతికించాడు. పైనున్న అక్షరాలు తిరగబడ్డాయి. తెలుగు చదివిన పిల్లవాడు కదా, వెంటనే పట్టేశాడు. "అక్షరాలు ఉల్టా అయినయ్" అని నొచ్చుకుని సేఠ్ వంక చూశాడు. "లిఖా హువా హటా దో" అన్నాడు సేఠ్, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. వరుస మొత్తం మాయమైంది. చివర్లో సీతమ్మ చేతి ముందు, ఖాళీలో, దేనికీ అంటకుండా ఒక చిన్న గీత మిగిలింది. స్కాన్‌లో పడ్డ మరక అనుకున్నాడు. అదీ తుడిచేశాడు.

సాయంత్రానికి ఈ బొమ్మ పేపరు మీద అచ్చవుతుంది. ఆ పేపరును పాలిస్టర్ బట్టతో జతచేసి, దాదాపు 200 డిగ్రీల వేడి మీద తిరిగే రోలరు కిందికి పంపిస్తే, రంగు ఆవిరై దారంలోకి ఎక్కుతుంది. నీళ్లతో పనిలేదు, ఎండతో పనిలేదు. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. డిజైన్‌కు ఇంతని తీసుకుని ఇల్లు గడుపుకుంటున్నాడు. కొన్ని వందల రూపాయల్లో సీతమ్మ కొంగు కట్టుకుని మురిసే ఆడపడుచుల మీదా నాకు ఫిర్యాదు లేదు. ఆ గీత గీసిన మనిషి ఆనవాళ్లు ఒక్కొక్కటీ చెరిగిపోవడం చూస్తూ నిలబడటమే కష్టంగా ఉంది.

సూరత్ నుంచి చిత్రకారులకు ఆర్డర్లు పోవడం నాలుగు వందల ఏళ్ల నాటి కథ. 1612లో ఈ ఊరికి దగ్గర్లోని సువాలీ తీరంలో పోర్చుగీసు ఓడలను ఎదిరించి నిలిచాక, మరుసటి ఏడు జహంగీర్ అనుమతితో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ తెరిచింది. 1643లో లండన్ డైరెక్టర్ల నుంచి ఆ కొఠీకి ఒక ఉత్తరం వచ్చింది. మీరు పంపే రంగుల దుప్పట్లలో నేల ఎర్రగా దిగులుగా ఉంటోంది, ఇక్కడివాళ్లకు నచ్చడం లేదు, ఇకమీదట నేల తెల్లగా ఉంచమనండి, మధ్యలో పూలూ కొమ్మలూ చిత్రకారుడికి ఎలా తోస్తే అలా వేయమనండి అని దాని సారాంశం. చివరి మాట గమనించండి. నేల రంగు శాసించిన కంపెనీ కూడా కొమ్మ వంపును గీసేవాడికే వదిలేసింది.

తూర్పు తీరంలో గీసేవాళ్లు ఎలా గీసేవారో రాసిపెట్టినవాడు ఒకడున్నాడు. గాస్టన్ లారెంట్ కోర్డూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి. మన భాషకు ఫ్రెంచి, సంస్కృతాలతో కలిపి నిఘంటువు కూర్చిన మనిషే. 1742లో రాసిన లేఖలో కోరమాండల్ అద్దకపు రహస్యాలన్నీ వివరించాడు. చిత్రకారుడు ముందు కాగితం మీద బొమ్మ గీస్తాడు, గీతల వెంట సూదితో సన్నని బెజ్జాలు పొడుస్తాడు, కాగితాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దుతాడు, చుక్కలు చుక్కలుగా దిగిన బొమ్మను మళ్లీ చేత్తో కలుపుకుంటాడు. ఆకులూ పూలూ తిరిగి తిరిగి వచ్చే పనికి అది చక్కని ఉపాయం. పురాణం గీసే శ్రీకాళహస్తి పద్ధతి వేరు.

పదండి అక్కడికే. సువర్ణముఖి గట్టున, గుడి గోపురం కనిపించేంత దూరంలో, ఒక పెంకుటింటి వసారా. పొద్దున ఏడు కాలేదు. లోపలికి అడుగు పెట్టగానే పచ్చిపాల వాసన, దాని వెనకే కరక్కాయ వగరు వాసన ముక్కుకు తగులుతాయి. గంజి పోయేదాకా ఉతికిన గాడా అనే ముతక నూలు గుడ్డను గేదెపాలూ కరక్కాయా కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఆరవేసి ఉంచారు. లేత పసుపు తిరిగింది గుడ్డ. పాలలోని కొవ్వు సిరాను పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. రెండూ తర్వాత పనికొస్తాయి.

ఇప్పుడు పెద్దాయన చేతిలో ఉన్నది బొగ్గుపుల్ల. చింతబరికెలను జానెడు ముక్కలుగా కోసి, కాల్చి, కణకణలాడుతుండగానే ఇసుకలో పూడ్చి ఆర్పినవి. పెళుసుగా ఉంటాయి. గట్టిగా నొక్కితే పుటుక్కుమంటాయి, అందుకే చెయ్యి దానంతటదే తేలిక పడుతుంది. గుడ్డను నిలువునా అడ్డంగా మడతపెట్టి గోటితో గీశాడు. ఆ మడతలే కొలబద్ద. నడుమ పెద్ద గడి, చుట్టూ వరుసలు, వరుస మీద కథ రాయడానికి సన్నని పట్టీ. మూడో వరుసలో అశోకవనం రావాలి.

రావణుణ్ణి మొదలుపెట్టాడు. పది తలలు గీయడంలో కష్టం గీసేవాళ్లకే తెలుసు. నడిమి తల ఒకటి తీస్తే తొమ్మిది మిగులుతాయి. తొమ్మిదిని రెండు పక్కలా సమంగా పంచడం ఎవరి తరమూ కాదు. ముందు ఎడమకు ఐదు, కుడికి నాలుగు వేశాడు. దూరం జరిగి చూశాడు. మనిషి ఎడమకు ఒరిగి పడిపోతున్నట్టున్నాడు. భుజం మీది తుండుతో రెండు సార్లు కొట్టాడు. బొగ్గు నల్లని ధూళిగా లేచింది. పాత తలలు పూర్తిగా పోలేదు, నీడల్లా మిగిలాయి. వాటి మీదే మళ్లీ గీస్తున్నాడు. ఈసారి ఐదు తలలున్న వైపు ఒకదాని వెనక ఒకటి నక్కినట్టు ఇరికించాడు. ఇంకా తూకం కుదరలేదు. మళ్లీ తుండు. మళ్లీ ధూళి.

పక్కన కలాలకు గుడ్డ చుడుతున్న మనవరాలు అంది: "తాతా, ఇంగో తల పెట్టేస్తే సరిపోతాది గదా?"

"పెడితే వాడు రావణుడు గాడమ్మా."

మూడోసారి, నాలుగు తలలున్న వైపు ఒక చెయ్యి పైకి లేపి కత్తి పట్టించాడు. ఒక్కసారిగా ఒడ్డుకు చేరినట్టు బొమ్మ నిలబడింది. ఐదో తల చోటును కత్తి భర్తీ చేసింది. పైగా సీతమ్మను బెదిరించే ఘట్టానికి ఆ కత్తే కావాలి కూడా. తూకం కోసం వెతుకుతుంటే కథకు కావలసింది చేతికి తగిలింది. నేను కలంకారీని ప్రేమించేది ఇలాంటి చోటే. పూర్తయిన పటంలో కత్తి ఉంటుంది, ఒరిగిపోయిన ఆ ఇద్దరు రావణులు ఉండరు. కత్తి ఎందుకు లేచిందో చెప్పేది మాత్రం వాళ్లే.

ఇక సీతమ్మ. మూడు వంతులు మనవైపు తిరిగిన ముఖం, చెవిదాకా సాగిన కన్ను, కిందికి వాల్చిన చూపు. రావణుడి వైపు వీపు పెట్టిస్తే ముఖం కనబడదు, ఎదురు పెట్టిస్తే మాట్లాడుతున్నట్టుంటుంది. నడుము అటు, మెడ ఇటు తిప్పి కూర్చోబెట్టాడు. తర్వాత చాలాసేపు బొగ్గుపుల్లను గాలిలో ఆడిస్తూ ఊరుకున్నాడు. చివరికి ఆమె చేతి ముందు, ఖాళీలో, దేనికీ తగలకుండా ఒక చిన్న గీత గీశాడు. నచ్చలేదు, తుడిచాడు. ఇంకాస్త వంచి గీశాడు. తుడిచాడు. కింది నుంచి పైకి, కొస రావణుడి వైపు వాలేట్టు మళ్లీ గీశాడు.

గడ్డిపరక. పరాయివాడితో నేరుగా మాట్లాడకూడదని సీతమ్మ నడుమ ఉంచుకున్న తృణం. పది తలలకూ ఇరవై చేతులకూ ఎదురు నిలిచింది ఆ ఒక్క పోచే. సూరత్‌లో మరకని తుడిచేసింది దీన్నే.

పెద్దాయన కలం అందుకున్నాడు. చెక్కిన వెదురుపుల్ల, మొనకు పైగా చుట్టి దారంతో బిగించిన గుడ్డ. గుడ్డ సిరాను తాగుతుంది, వేలితో నొక్కినకొద్దీ మొన కొసకు వదులుతుంది. సిరా పేరు కసిమి. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెట్టింది. ముంచి, ఒక చుక్క విదిలించి, నడిమి తల కిరీటం దగ్గర పెట్టాడు. గీత మొదట వెలిసిన గోధుమరంగులో కనిపించింది. మీరు చూస్తుండగానే, కరక్కాయ వగరును ఇనుము పట్టుకుని, నల్లబడటం మొదలైంది. చెయ్యి ముందుకు పోతోంది, నలుపు వెనకాలే వస్తోంది.

"బొగ్గు పోతాది నాయినా, బయం లేదు. కసిమి పడిందంటే పడినట్టే" అన్నాడు తల ఎత్తకుండా.

ఆ తర్వాతి పనంతా నీళ్లూ ఎండా చేసేవే. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. ఆరాక సువర్ణముఖిలో, ఏట్లో నీళ్లున్న కాలంలో, పారే నీటికి అడ్డంగా గుడ్డను పట్టుకుని నిలబడతారు. నిలవ నీటిలో జాడిస్తే పటిక పక్కకు పాకి తెల్లనేల పాడవుతుంది. అప్పుడే చింతబొగ్గు కూడా వదిలిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి కిందికి చూస్తే, ఒక క్షణం సన్నని నల్లని చార ఏటివాలున సాగి మాయమవుతుంది. ఒరిగిపోయిన రావణులిద్దరూ, నచ్చని గడ్డిపరకలు రెండూ అందులోనే వెళ్లిపోయాయి. ఎరుపుకు వేర్లూ చెక్కలతో కాచడం, పేడనీళ్లలో నానబెట్టి ఇసుక మీద పరిచి నేలను తెలుపు చేయడం, కరక్కపువ్వు పసుపు, నీలిమందు నీలం, ఆ రెండూ కలిపిన ఆకుపచ్చ, ఇవన్నీ ఇంకా ముందున్నాయి.

ఇక్కడ నాకు లండన్ గుర్తొస్తుంది. విక్టోరియా రాణి కాలంలో ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ అనే పెద్ద చిత్రకారుడు ఉండేవాడు. 1875లో ఆర్థర్ బాల్ఫోర్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినవాడు, తన ఇంటి గది కోసం గ్రీకు వీరుడు పెర్సియస్ కథను వరుస చిత్రాలుగా గీయమని ఆయన్ను కోరాడు. చూసినవాణ్ణి రాయిగా మార్చే మెడూసా తలను పెర్సియస్ నరికి తెస్తాడు. ఆండ్రోమెడాకు దాన్ని నేరుగా చూపలేక బావినీటిలో ప్రతిబింబంగా చూపుతాడు. ఆ ఘట్టం చూపే ఒక్క చిత్రంలోనే మూడు ముఖాలు, నీళ్లలో వాటి నీడలు, పట్టుకున్న చేతులు. బర్న్-జోన్స్ అలవాటు ఏమిటంటే చేతికి ఒక కాగితం, ముఖానికి ఒక కాగితం, బట్ట మడతకు మరో కాగితం తీసుకుని పెన్సిల్‌తో విడివిడిగా సాధన చేయడం. 1898లో కన్నుమూసేదాకా ఆ వరుస మొత్తం పూర్తికాలేదు. నిలువెత్తు నమూనాలు సౌతాంప్టన్‌లో ఉన్నాయి, తైలవర్ణ చిత్రాలు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉన్నాయి. ఆయన డ్రాయింగులు బర్మింగ్‌హామ్ మ్యూజియంలో పెద్ద సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ఒక్కో కాగితానికి నంబరు ఉంటుంది, దాచడానికి పెట్టె ఉంటుంది. పూర్తికాని పనికి కూడా అంత మర్యాద. ఆ మర్యాదను చూసి నాకు అసూయ లేదు, గౌరవమే ఉంది.

అదే కాలంలో, 1880లలో, ఇక్కడ శ్రీకాళహస్తిలో, పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు రామాయణం మొత్తాన్ని ఒక్క పటం మీదికి తెచ్చాడు. ఆ పటం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మధ్యలో పెద్ద గడి, చుట్టూ వరుసలు, వరుసల మీద తెలుగు రాత. గీసినవాడి పేరుతో సహా నిలిచిన ఆ కాలపు కాళహస్తి పనుల్లో అంతటిది నాకు మరొకటి తెలియదు. బర్న్-జోన్స్, పెద్ద సుబ్బరాయుడు ఒకే కాలంవాళ్లు. ఇద్దరూ పురాణాన్నే గీశారు. బర్న్-జోన్స్ తోడల్లుడు లాక్‌వుడ్ కిప్లింగ్, కవి రుడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి, 1865 నుంచి పదేళ్లు బొంబాయి జె.జె. స్కూల్లో పాఠాలు చెప్పాడు. సూరత్ నుంచి రైలెక్కితే పూట ప్రయాణం. అంత దగ్గరగా వచ్చాయి ఆ రెండు లోకాలు. ఇంగ్లీషు చిత్రకారుడు సాధన చేసిన కాగితాలు దొరుకుతున్నాయి, మనవాడు సాధన చేసిన గీతలు దొరకవు. ఆయన సాధన గీతలు ఆ పటంలోనే, పటం అడుగునే ఉండేవి. సువర్ణముఖి నీళ్లు వాటిని కడిగేశాయి.

ఆ విద్యే కడుక్కుపోవలసిన రోజు కూడా వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం సగానికి గీసే చేతులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టి ఆ విద్యను దేశమంతా ఎరిగేలా చేశారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రోజు ఊళ్లో కలం పట్టినవాళ్లంతా ఆ కేంద్రానికి ఏదో విధంగా రుణపడినవాళ్లే.

కొత్త తరంలో ఒక మార్పు వచ్చింది, నాకు అది శుభవార్తగా కనిపిస్తోంది. గుడ్డ మీదికి పోయే ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుంటున్నవాళ్లు ఉన్నారు. పది తలల లెక్క కాగితం మీదే తేల్చుకుంటున్నారు. అంటే, మొట్టమొదటిసారిగా మన పురాణ చిత్రకారుల సాధన నీళ్లపాలు కాకుండా మిగిలే వీలు వచ్చింది. కానీ గుడ్డ అమ్ముడుపోగానే ఆ కాగితం చిత్తుబుట్టలోకో, పొయ్యిలోకో పోతోంది.

అందుకే కలం పట్టే ఇళ్లవారికి ఒక మనవి. ఆ కాగితాలు పారేయకండి. తేదీ వేసి, పేరు రాసి, ఒక ఫైలులో పెట్టండి. మన మ్యూజియంలు, విశ్వవిద్యాలయాలు పూర్తయిన పటాలతో పాటు ఈ చిత్తుప్రతులను కూడా డబ్బిచ్చి సేకరించాలి. సూరత్ డిజైన్ గదుల్లో కూర్చున్న మన పిల్లలకు వాటి నకళ్లు చూపించాలి. అశోకవనంలో గడ్డిపరక ఏమిటో తెలిసిన చెయ్యి దాన్ని తుడవదు.

ఇక కొనేవాళ్లకు. ఈ శ్రావణంలో కలంకారీ అని చెప్పి ఎవరైనా చీర చూపిస్తే ముందు తిరగేసి చూడండి. వేడి రోలరు కింద అచ్చయిన పాలిస్టర్ వెనక తెల్లగా ఉంటుంది. కసిమి గీత నూలు గుడ్డలోకి ఇంకి వెనకవైపు కూడా నల్లగా కనిపిస్తుంది. అచ్చు చీర నచ్చితే నిరభ్యంతరంగా కొనుక్కోండి, అచ్చు ధరే ఇవ్వండి. చేత్తో గీసింది కొంటే మాత్రం, బిల్లు మీద గీసినవారి పేరు రాయించుకోండి.